గరిటెలో మిగిలిన ఉప్పు

భావనపాడు రేవులో ఎండు చేపల గంపలు చాలానే ఉంటాయి కానీ, మరిడమ్మ గంప దగ్గర బేరమాడే ధైర్యం ఎవరికీ లేదు. ధర ఎక్కువని కాదు, ఆవిడ నోరు అలాంటిది. చేపని వేలితో నొక్కి చూసి, దానికి ఎంత ఉప్పు పట్టిందో, ఎన్ని ఎండలు తిన్నదో చెప్పేసేది. పక్కనే ఉన్న నౌపడ మళ్ళలో పండిన ఉప్పులో ముప్పై ఏళ్ళు చేతులు ముంచి బతికిన మనిషి. అలాంటి మనిషిని పట్టుకుని మూడేళ్ళ కిందట డాక్టరు జగన్నాధం గారు ఉప్పు మానెయ్యమన్నారు.

కిడ్నీలు. ఉద్దానం చుట్టుపక్కల ఊళ్ళలో ఆ జబ్బు గురించి ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు. రక్తపరీక్షలో వచ్చే క్రియాటినిన్ అంకెని అక్కడి జనం కిరాటిన్ అంటారు. ఇద్దరు కలిస్తే పిల్లల క్షేమం తర్వాత అడిగేది దాన్నే. మరిడమ్మది రెండు పాయింటు ఒకటి. ఏడాదిన్నరగా అక్కడే నిలబడి ఉంది. అది పెరుగుతూ పోతే ఏమవుతుందో ఆవిడ అక్క కూర్మమ్మని చూస్తే తెలుస్తుంది. వారానికి మూడు పూటలు డయాలసిస్ మంచం మీదే ఆమె బతుకు.

అందుకని మరిడమ్మ తన నాలుకని తనే కట్టేసుకుంది. ఎండు చేపలమ్మే మనిషి ఎండు చేప తినదు. పెరట్లో కొబ్బరి చెట్లున్నాయి, బొండం తాగదు. ఆవకాయ, అప్పడం, అరటిపండు అంటూ డాక్టరు గారిచ్చిన కాగితం ఎవరైనా చదవబోతే ఆవిడకి ఒళ్ళు మండేది. గంజి వార్చిన అన్నం, ఉడకబెట్టి నీళ్ళు పారబోసిన కూర, ఒక చిన్న చేప ముక్క, అంతే. అదీ తన చేత్తో వండుకుంటేనే. మొదటి ఏడాది ఒక పెళ్ళిలో మొహమాటానికి నాలుగు ముద్దలు తింటే మర్నాటికి కాళ్ళు పొంగాయి. ఆ తర్వాత ఆవిడ ఎవరింటా చెయ్యి కడగలేదు.

ఇలా ఉండగా ఎండు చేపల సంఘానికి వియత్నాం నుంచి కబురు వచ్చింది. అక్కడ ఒక రేవు పట్నంలో, చేపలు ఎండబెట్టి బతికే ఆడవాళ్ళు పది దేశాల నుంచి వచ్చి ఐదు రోజులు కూర్చుంటారట. ఇసుక మీద కాకుండా ఎత్తు మంచెల మీద చేపలు ఆరబెట్టే పద్ధతిని రేవులో మొదట పెట్టింది మరిడమ్మే. కాబట్టి ఆవిడే వెళ్ళి చెప్పాలని సంఘం తీర్మానించింది. ఎచ్చెర్ల యూనివర్సిటీలో చదువుకుని సంఘానికి లెక్కా పత్రం చూసే శ్రావణి తోడు వెళ్తుంది.

ఆ సాయంత్రమే కూతురు ధనలక్ష్మి, అల్లుడు అప్పలసూరి ఆటోలో దిగారు. వాళ్ళది రెండు వీధుల అవతల ఇల్లు.

"అమ్మా, నీకేటన్నా మతి పోనాదా? ఏ దేశం, ఏ తిండి?" అంది ధనలక్ష్మి గుమ్మంలోంచే.

"పెళ్ళి కూడు తింటేనే కాళ్ళు పొంగిపోనాయి గదా అత్తా," అన్నాడు అప్పలసూరి. "అక్కడ నీకు గంజి వార్సి పెట్టేవోళ్ళు ఎవులున్నారు?"

"డాక్టరు బాబు ఎల్లమన్నారు," అంది మరిడమ్మ. అది నిజమే. జబ్బున్నంత మాత్రాన ఇంట్లో మగ్గిపోవాలని ఎక్కడా రాసి లేదు, ఏం తింటున్నావో నీకు తెలిస్తే చాలు అన్నారాయన.

పెద్దమ్మని డయాలసిస్‌కి తీసుకెళ్ళి తీసుకొచ్చేది ధనలక్ష్మే. ఆ సూదులు చూసిన కళ్ళతో తల్లిని చూసింది.

"సరే, ఎల్లు. గానీ నాకు మాటియ్యి. తిరిగొచ్చినాక టెస్టు సేయిద్దాం. కిరాటిన్ ఒక్క పిసరు పెరిగినా గంప దింపీసి నా ఇంట్లో కూకోవాల. సంతా లేదు, రేవూ లేదు. నాను పెట్టింది తిని పడుండాల."

"సరే," అనేసింది మరిడమ్మ. అన్నాక గాని ఆ మాట బరువు తెలియలేదు. మొగుడు సముద్రంలో పోయిన ఏడాది నుంచీ ఆ గంపే ఆవిడకి మొగుడు, ఆ గంపే ఆవిడకి నోరు. దాన్ని దించి కూతురి అరుగు మీద కూర్చున్న మరిడమ్మ ఎవరికీ మరిడమ్మ కాదు. ఆ సంగతి కూతురికి తెలుసు. తెలిసే అడిగింది.

శ్రావణి బుద్ధిమంతురాలు. కిడ్నీ జబ్బు సంగతి వియత్నాం భాషలో చీటీ మీద రాయించి ఉంచుకుంటే వంటవాళ్ళకి చూపించవచ్చు అంది. డాక్టరు గారి కాగితంలో ఉన్నదంతా ఎక్కిద్దామని కూడా అంది. మరిడమ్మ ఒప్పుకోలేదు.

"అంత పురాణం ఎందుకే శ్రావణమ్మా? వంట మనిషికి అంత తీరికుంటాదేటి? ఉప్పు వెయ్యొద్దు అని రాయించు. ఉప్పంటే ఉప్పే గదా."

నౌపడ మళ్ళ పక్కన పుట్టి పెరిగిన మనిషి. ఆవిడ లోకంలో ఉప్పు తెల్లగా ఉంటుంది, బస్తాలో ఉంటుంది, చేత్తో తీసి వేస్తారు. ఇంకో రూపంలో కూడా ఇంట్లోకి వస్తుందని ఆవిడకి ఎవరూ చెప్పలేదు, చెప్పినా వినే రకం కాదు. చీటీ మీద ఒక్క ముక్కే పడింది.

విశాఖలో విమానం ఎక్కి, సింగపూర్‌లో ఇంకోటి మారి దిగేదాకా మరిడమ్మ విమానం వాళ్ళు పెట్టిన తిండి ముట్టుకోలేదు. కూతురు కట్టిచ్చిన అటుకులూ మరమరాలూ నమిలింది. దిగగానే ఆ ఊరి ఆడవాళ్ళు నవ్వుకుంటూ ఎదురొచ్చి, గొట్టం పెట్టిన కొబ్బరి బొండం చేతికిచ్చారు. ఇక్కడికొచ్చినా నువ్వేనా తల్లీ అనుకుని మరిడమ్మ దాన్ని కళ్ళకద్దుకుని శ్రావణికి ఇచ్చేసింది.

ఆ సాయంత్రం భోజనాల హాల్లో శ్రావణి చీటీ తీసి వంట పెద్దావిడకి చూపించింది. ఆవిడ పేరు లాన్. అరవై దాటిన మనిషి, సన్నగా చువ్వలా ఉంది. చీటీ చదివి, మరిడమ్మ చెయ్యి పట్టుకుని, గుండె మీద చెయ్యేసుకుని మరీ తలూపింది. కాసేపటికి అన్నం, ఆకుకూర, చేప పులుసు వచ్చాయి. మరిడమ్మ ఒక ముద్ద తిని ఆగిపోయింది. రుచి అదిరింది. ఉప్పు లేకుండా ఇంత రుచి ఎలా వచ్చిందా అని ఒక్క క్షణం అనుమానం కూడా కలిగింది. కానీ మూడేళ్ళు చప్పిడి కూడు తిన్న నాలుక అనుమానం మాట వినదు. పైగా ఎదురుగా లాన్ నిలబడి, ఇంకొంచెం పెట్టనా అన్నట్టు గరిటె పట్టుకుని చూస్తోంది. ప్రేమగా పెట్టే చేతిని కాదనడం మరిడమ్మకి రాదు. పులుసు గిన్నె ఖాళీ చేసింది. మర్నాడు పొద్దున్నా తింది, మధ్యాహ్నమూ తింది.

ఆ మధ్యాహ్నం సభలో కూర్చుని ఉండగా చెప్పు బిగిసినట్టనిపించింది. వంగి, చీర కుచ్చిళ్ళు జరిపి, చీలమండ మీద బొటనవేలితో నొక్కింది. గుంట పడింది. లెక్కపెట్టుకుంటూ చూసింది, ఆ గుంట లేవలేదు.

మరిడమ్మ మామూలుగా భయపడే మనిషి కాదు. తుఫాను హెచ్చరిక వచ్చిన రోజు కూడా గంపలన్నీ ఎత్తించాకే ఇంటికి వెళ్ళే మనిషి. కానీ ఆ గుంట చూసేసరికి కుచ్చిళ్ళు గబుక్కున కిందికి లాగేసింది. ఇంకా మూడున్నర రోజులుంది. తిరిగి వెళ్ళేసరికి అంకె ఎక్కడికి చేరుతుందో. అక్క మంచం కళ్ళ ముందు కనిపించింది, కూతురి అరుగు కనిపించింది.

పక్కనే ఉన్న శ్రావణి కూడా ఆ గుంట చూసింది. "డాక్టర్ దగ్గరికి వెళ్దాం పిన్నీ. ఇంటికి ఒకసారి ఫోన్ చేసి చెప్తాను," అంది.

"ఇంటికి ఫోను సేసినావంటే సూడు," అంది మరిడమ్మ. "సాయంత్రానికి తగ్గకపోతే డాక్టరు కాడికే ఎల్దాం. ముందు వంటింటికి తీసుకెళ్ళు. ఆ ముసలిది ఉప్పు ఎయ్యలేదంటాది. నా కాలేమో ఏసిందంటాది. ఇద్దర్లో ఎవులు అబద్ధమాడతన్నారో తేల్సాల."

వంటింట్లో లాన్ తన మాటల్ని ఫోనులో తెలుగులోకి మార్చి చూపిస్తూ ఒట్టు పెట్టుకున్నంత పని చేసింది. ఉప్పు డబ్బా తీసి, పైనున్న కాగితం కూడా విప్పలేదని చూపించింది. నిజంగానే విప్పలేదు. లాన్ కళ్ళలో కల్లా కపటం లేదు. మరిడమ్మ ఏం చెయ్యాలో తోచక గోడకి చేరగిలబడి కళ్ళు మూసుకుంది.

అప్పుడు పని చేసింది ఆవిడ ముక్కు. ఈ ఊళ్ళో దిగిన దగ్గర్నుంచీ ఒక వాసన వెంటాడుతోంది. రేవు ఊరు కదా, చేపల వాసన ఉండదా అని పట్టించుకోలేదు. కానీ కళ్ళు మూసుకుంటే ఆ వాసన రేవు వైపు నుంచి రావడం లేదు. పొయ్యి పక్క నుంచి వస్తోంది. కళ్ళు తెరవకుండానే అటు నడిచి, వరసగా పెట్టిన సీసాల్లో ఒకటి తీసింది. మూత విప్పి, అరచేతిలో ఒక చుక్క వేసుకుని, రెండు వేళ్ళ మధ్య రాసి చూసింది. తేనె రంగులో ఉన్న పలచని నీళ్ళు.

"నెత్తళ్ళు," అంది. "ఉప్పులో ఊరేసినారు. తక్కువలో తక్కువ ఏడాది ఊరినాయి. మూడు గంపల సేపకి ఒక గంప ఉప్పు. అవునో కాదో అడుగు."

శ్రావణి ఫోనులో అడిగింది. అది చేపల రసం, ఆ దేశంలో అది పడని కూర లేదు. చేపలూ ఉప్పూ పాళ్ళు సరిగ్గా అంతే. ఈ సంగతి మా అమ్మ చెప్తే నాకు తెలిసింది, నీకెలా తెలుసు అని లాన్ అడిగింది. కానీ వెంటనే తల అడ్డంగా ఊపింది. అది ఉప్పు కాదు, చేప. ఉప్పు వెయ్యలేదు. ఆ మాట మీదే నిలబడింది. మరిడమ్మకి కోపం రాలేదు. ఉప్పంటే ఉప్పే అని నిన్నటిదాకా తనూ అన్నది.

ఒక ఇనుప గరిటె తీసుకుంది. అందులో ఆ రసం పోసి పొయ్యి మీద పట్టుకుంది. కాసేపటికి బుడగలు లేచాయి, ఘాటుకి శ్రావణి దగ్గుతూ బయటికి పరిగెత్తింది. మరిడమ్మ మాత్రం మంట తగ్గించి ఓపిగ్గా పట్టుకునే ఉంది. నౌపడ మళ్ళలో సముద్రం నీళ్ళని ఎండకి వదిలేస్తే ఏం జరుగుతుందో, అదే ఇప్పుడు గరిటెలో జరిగింది. నీరంతా పోయింది. అడుగున గోధుమరంగు తెట్టు కట్టింది, దాని నిండా మెరిసే ఉప్పు గళ్ళు. గోటితో గీకి లాన్ అరచేతిలో పెట్టింది.

లాన్ నాలుక మీద వేసుకుంది. ఆమె ముఖం మారిపోయింది. మరిడమ్మ చీర కుచ్చిళ్ళు పైకి తీసి, చీలమండ మీద నొక్కి గుంట చూపించింది. లాన్ నేల మీద గొంతుక్కూర్చుని, తన వేలితో కూడా నొక్కి చూసింది. తర్వాత తల దించుకుని ఏదో అంది.

"తప్పు తనదే అంటోంది పిన్నీ," అంది తిరిగొచ్చిన శ్రావణి.

"కాదు, నాదే అని సెప్పు. నువ్వు రాయిస్తానన్నదంతా రాయించుంటే ఇంత అయ్యేది కాదు." ఆవిడ నోటి వెంట అలాంటి మాట రావడం శ్రావణి అంతకుముందు వినలేదు.

ఆ తర్వాత ఆ వంటిల్లు మరిడమ్మదే. ప్రతి సీసా మూతా తీయించింది, ప్రతి పొడీ వాసన చూసింది. నల్లటి సోయా రసం, పులుసులో చల్లే పొడి, రొయ్యల ముద్ద, అన్నీ పక్కకి పోయాయి. ఉప్పు ఇన్ని వేషాలేస్తుందా అని ఆవిడే ముక్కు మీద వేలేసుకుంది. అన్నంలో నీళ్ళు ఎక్కువ పోయించి గంజి వార్చింది. ఆకుకూర ఉడికాక నీళ్ళు పారబొయ్యబోతే లాన్ గిన్నె పట్టుకుంది. వాళ్ళు ఆ నీళ్ళని పులుసుగా తాగుతారట. ఇద్దరు పెద్దావిడలు చెరో వైపు గిన్నె లాక్కున్నారు. డాక్టరు వద్దన్నవన్నీ దిగేది ఆ నీళ్ళలోకే అని శ్రావణి మధ్యలో దూరి చెప్పాకే లాన్ వదిలింది.

అంతవరకూ మరిడమ్మకి తెలిసిన విద్య. అక్కడి నుంచి లాన్ విద్య మొదలైంది. నిమ్మగడ్డి కాడలు చితక్కొట్టి, అల్లం సన్నగా తరిగి, చిన్న చేప ముక్క పైన పేర్చి ఆవిరి మీద పెట్టింది. దించాక పచ్చిమిరప, వెల్లుల్లి, నిమ్మరసం దంచి పైన పోసింది. పేరు తెలియని రెండు రకాల ఆకులు తుంచి వేసింది. రవ్వంత ఉప్పు లేదు.

మరిడమ్మ అనుమానంగానే నోట్లో పెట్టుకుంది. పులుపు తగిలింది, కారం తగిలింది, ఆ గడ్డి వాసన ముక్కులోకి ఎక్కింది. నమిలి మింగింది. ఇంకో ముద్ద కలిపింది. మూడేళ్ళుగా తను తిన్నది తిండి కాదని, తనకి తనే వేసుకున్న శిక్ష అని ఆవిడకి అప్పుడు తెలిసింది. ఉప్పు తీసెయ్యడం ఒక్కటే నేర్చుకుంది గానీ ఆ చోట్లో ఏం పెట్టాలో ఎవరినీ అడగలేదు. తింటూ తింటూ కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. కారానికేమో అనుకుని లాన్ మంచినీళ్ళు తెచ్చింది.

సాయంత్రానికి వాపు కాస్త తగ్గుముఖం పట్టింది. మర్నాడు ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన ఒకావిడ ఆ గిన్నె వైపు చూసి, తనకి బీపీ ఉందని, తనకీ కొంచెం పెట్టమని అడిగింది. శ్రీలంక ఆవిడ తనకీ అంది. నాలుగో రోజుకి చిన్న గిన్నె చాలక పెద్ద డేగిసా ఎక్కించారు. ఏ దేశంలో చూసినా ఎండు చేపల ఆడవాళ్ళది అదే కథ. జీవితమంతా ఉప్పులో చేతులు, చివరికి ఆ ఉప్పే ఒంటికి పగ. ఎవరికి వాళ్ళు రహస్యంగా చప్పిడి తింటున్నారు, లేదంటే మొహమాటపడి అన్నీ తిని మాత్రలు మింగుతున్నారు.

ఐదో రోజు మధ్యాహ్నం విందుకి లాన్ హాలు మధ్యలో ఒక పొడుగాటి బల్ల వేయించింది. దాని మీద పదకొండు రకాలు, ఒక్కదాంట్లోనూ ఉప్పు లేదు, చేపల రసం లేదు. మొదటి వడ్డన మరిడమ్మకే చేసింది. ఆ బల్ల దగ్గర జనం క్యూ కట్టారు. మంచెల మీద చేపలారబెట్టే పద్ధతి గురించి మరిడమ్మ చెప్పినప్పుడు అందరూ మర్యాదగా చప్పట్లు కొట్టారు. గరిటె సంగతి చెప్పినప్పుడు మాత్రం లేచి నిలబడి కొట్టారు. మరిడమ్మ సిగ్గుపడలేదు. తనకి రావలసినవే అన్నట్టు నిలబడి అందుకుంది.

ఇంటికొచ్చిన మూడో రోజు పొద్దున్నే ధనలక్ష్మి తల్లిని రక్తపరీక్షకి తీసుకెళ్ళింది. రిపోర్టు మధ్యాహ్నం ఇస్తామన్నారు. డాక్టరు గది ముందు బెంచీల నిండా జనం. మరిడమ్మ కాళ్ళు ముడుచుకుని కూర్చుంది. చీలమండలు మామూలుగానే ఉన్నాయి. అయినా మూడు పూటలు తిన్న ఆ చేపల రసం లోపల ఏం చేసిందో కాలు చెప్పదు, కాగితమే చెప్పాలి. మాటిచ్చిన మనిషి కాబట్టి, పెరిగి ఉంటే గంప దించెయ్యాల్సిందే. అప్పటికే ఆవిడ మనసులో గంప ఎవరికివ్వాలో కూడా అనుకుని, మళ్ళీ ఆ ఆలోచన తుడిచేసుకుంది.

అప్పలసూరి కాగితం పట్టుకుని వచ్చాడు. ఒకసారి చదివి, వెలుగు కోసం కిటికీ దగ్గరికి పోయి మళ్ళీ చదివాడు.

"ఒకటి పాయింటు తొమ్మిది," అన్నాడు.

"సరిగ్గా సూడు," అంది ధనలక్ష్మి.

"రెండు సార్లు సూసినాను. తగ్గినాది."

ధనలక్ష్మి కాగితం లాక్కుంది. అంకె మీద వేలు పెట్టి తనూ చదివింది. తర్వాత తల్లి భుజం మీద తల పెట్టి, పది మందీ చూస్తున్నారని కూడా లేకుండా వెక్కి వెక్కి ఏడ్చింది. "నీకేటన్నా అయితే నాను బతకలేనే అమ్మా. అందుకే అలగ అన్నాను."

"తెలుసులేవే. నువ్వు అలగ అనకపోతే నాను ఆ వంటింట్లోకి ఎల్లేదాన్నే కాదు," అంది మరిడమ్మ. ఆనందానికి ఆవిడ గొంతు ఎప్పటికన్నా గట్టిగా వచ్చింది. బెంచీల మీది తలలన్నీ ఇటు తిరిగాయి.

విదేశం పోయొచ్చి కిరాటిన్ తగ్గించుకున్న మనిషంటే మాటలా? ఒక్కొక్కరే దగ్గరికి జరిగారు. ఏటి తిన్నావప్పా, ఎలగ తిన్నావప్పా అని ఆడవాళ్ళు చుట్టూ మూగారు. మరిడమ్మ చేతులు తిప్పుతూ అంతా చెప్పింది, గరిటె దగ్గరికి వచ్చేసరికి లేచి నిలబడి మరీ చెప్పింది. లోపల్నుంచి డాక్టరు జగన్నాధం గారు బయటికి వచ్చి, పేషెంట్లెవరూ లోపలికి రావడం లేదేమని చూసి, తనూ తలుపుకి ఆనుకుని విన్నారు. "ఒక్కొక్కరి ఒళ్ళు ఒక్కో రకం. ఆవిడ తిన్నది మీకు పడుతుందో లేదో నన్నడిగి తినండి," అన్నారు చివర్లో. "కానీ తిండికి భయపడి ఇంట్లో కూర్చోమని మాత్రం నేను ఎవరికీ చెప్పలేదు."

చివరి బెంచీలో కవిటి వైపు నుంచి వచ్చిన లక్ష్మణమ్మ అనే ఆమె ఉంది. అందరూ అన్నీ అడిగాక ఆమె మెల్లగా నోరు విప్పింది.

"నా కూతురు సూరత్‌లో ఉంటాది. దానికి ఆడపిల్ల పుట్టి రెండేళ్ళయినాది. రైల్లో రెండు రోజులు ఏటి తినాల, అక్కడ ఏటి తినాల అని నాను ఎల్లలేదు. నా మనవరాలు గుంటని ఫోనులోనే సూస్తన్నాను."

మరిడమ్మ ఆమె పక్కన కూర్చుంది. రైలుకి ఏం కట్టుకోవాలో చెప్పింది, స్టేషన్లలో ఏవి ముట్టుకోకూడదో చెప్పింది. కూతురి వంటింట్లోకి అడుగు పెట్టగానే ముందు సీసాల మూతలు తీసి వాసన చూడమంది. లక్ష్మణమ్మ ప్రతి మాటకీ తలూపుతూ వింది. తర్వాత డాక్టరు గారి వైపు చూసింది. ఆయన ఆమె కాగితాలు తీసుకుని నిలబడే చదివి, వెళ్ళిరమ్మన్నారు.

లక్ష్మణమ్మ మొగుడు పక్కనే మందుల సంచీ పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆమె ఆయన వైపు తిరిగింది.

"సూరత్‌కి ఫోను సెయ్యి. నాను వస్తన్నానని సెప్పు," అంది.